కొట్టు పెట్టిన పంతులుగారు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మన సభల్లో వినిపించినప్పుడల్లా దేశోద్ధారక, విశ్వదాత అన్న బిరుదులు ముందు నడుస్తాయి, మనిషి వాటి వెనక నడుస్తాడు. ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల, ఉప్పు సత్యాగ్రహం, శ్రీబాగ్ ఒడంబడిక – ఇవన్నీ వరసగా చెప్పి, చివర్లో అమృతాంజనం కూడా ఆయనదే అని ఒక్క వాక్యం కలుపుతారు. నా ఉద్దేశంలో ఆ వాక్యం మొదట రావాలి. సీసా ముందు, పత్రిక తర్వాత. డబ్బు ఎలా వచ్చిందో చెప్పకుండా దాతృత్వం గురించి చెప్పడం, చెరువు మాట ఎత్తకుండా పంట గురించి మాట్లాడినట్టు వుంటుంది.

ఇలా అనడానికి నాకొక స్వార్థం వుంది. ఈ కళాశాలలో బి.కాం. చదివి బయటపడ్డ నేను మూడేళ్ళుగా కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్నాను. నా కొట్టుకు గోడలు లేవు, తలుపు లేదు, గల్లాపెట్టె లేదు. ఉన్నదంతా ఫోనులో వుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు పప్పు వేయిస్తారు, నేను సంచులు కట్టి కొరియరుకు ఇస్తాను. ఫోను తెరిచి కందిపొడి అని వెతికితే ఎన్ని కొట్లు వస్తాయో మీరే చూడండి. అందరిదీ అదే గోధుమరంగు సంచి, అదే ఇత్తడి గిన్నె బొమ్మ, కింద అమ్మమ్మ చేతివంట అన్న అదే మాట. ఇంతమంది అమ్మమ్మలు ఒక్కసారిగా ఎక్కణ్ణించి దిగారో నాకు తెలియదు. కొన్నాళ్ళ కిందట ఒక పెద్ద అమ్మకాల సంస్థ వాళ్ళు, ధర తగ్గిస్తే నా సరుకు పై వరసలో కనబడుతుందని చెప్పారు. లెక్క వేస్తే ఆ ధరకు పప్పు ఖర్చు కూడా రాదు. తగ్గించకపోతే కనబడను, తగ్గిస్తే షెడ్డులో ఇద్దరికీ జీతం ఇవ్వలేను. ఆ సందిగ్ధంలో వున్నప్పుడు నేను పంతులుగారి జీవితాన్ని మళ్ళీ చదివాను. ఈసారి వ్యాపారస్తుడి జీవితంగా చదివాను.

ఆయన 1867 మే 1న కృష్ణాజిల్లా పామర్రు దగ్గర ఎలకుర్రులో పుట్టారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదువు, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కళాశాల. 1891లో పట్టభద్రులయ్యారు. అప్పటి తెలుగుదేశంలో బి.ఎ. పాసైనవాడంటే ఊరు ఊరంతా చెప్పుకునేది. అంత చదువు చదివినవాడు గుమాస్తాగిరీతో మొదలుపెట్టి తహశీల్దారు కావాలి, లేదా ప్లీడరు కావాలి. ఇంట్లోవాళ్ళు కోరేదీ అదే, పెళ్ళిసంబంధాలవాళ్ళు అడిగేదీ అదే. పంతులుగారు ఈ రెండూ వదిలేశారు. వీరేశలింగం పంతులుగారి రచనల ప్రభావం ఆయన మీద గట్టిగా పడింది. ఆచారం అన్నది ఎదురు ప్రశ్నించరానిదేమీ కాదని ఆ తరం యువకులు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. చదువుకున్న బ్రాహ్మణ యువకుడు వ్యాపారంలోకి దిగడం కూడా ఆ రోజుల్లో ఆచారానికి ఎదురు నడవడమే.

కలకత్తా వెళ్ళి మందుల వ్యాపారం మెళకువలు తెలుసుకున్నారు. అక్కణ్ణించి బొంబాయి. అక్కడ ఒక యూరోపియన్ యజమాని నడిపే కంపెనీలో చేరి, పని నేర్చుకుని, కాలక్రమాన ఆ వ్యాపారాన్నే చేతికి తెచ్చుకున్నారు. ఈ కొద్ది సంవత్సరాల గురించి మన వ్యాసకర్తలు ఒక్క వాక్యంతో సరిపెడతారు. నాకు మాత్రం ఇక్కడే ఆగి చూడాలనిపిస్తుంది. తన సొంత కొట్టు పెట్టకముందు ఆయన ఇంకొకరి కొట్టులో నిలబడ్డారు. సరుకు ఎక్కడ కొంటారు, ఎంతకు పడుతుంది, అరువు ఎవరికి ఇస్తారు, వసూలు ఎలా చేస్తారు అన్నవి పుస్తకాల్లో రావు. మన వాణిజ్యశాఖ అధ్యాపకులు కోపగించుకోకపోతే ఒక మాట అంటాను: నేను మూడేళ్ళు చదివిన అకౌంటెన్సీ కంటే, మా ఊరి కిరాణా కొట్టులో సెలవుల్లో కూర్చున్న రెండు నెలలు నాకు ఎక్కువ పనికొచ్చాయి.

1893లో, ఇరవయ్యారేళ్ళ వయసులో, ఆయన బొంబాయిలో అమృతాంజనం తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

అప్పటి మందుల బజారు ఎలా వుండేదో కాస్త ఊహించుకోవాలి. దొరల దేశం నుంచి వచ్చే సీసాలు ఒక పక్క, వైద్యుల ఇళ్ళలో నూరే లేహ్యాలూ తైలాలూ ఇంకో పక్క. 1877లో తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి తెచ్చింది. అంటే పోస్టుమన్ ఇంటికి సరుకు తెచ్చి, అక్కడే డబ్బు పుచ్చుకుంటాడు. మనం ఇవాళ క్యాష్ ఆన్ డెలివరీ అంటూ కొత్త సంగతిలా చెప్పుకునేది మన ముత్తాతలకు తెలిసిన వ్యవహారమే. దాంతో మందులు అమ్మేవాళ్ళకు దేశమంతా ఒకే బజారు అయిపోయింది. పత్రికల నిండా ప్రకటనలు. ఒక్క సీసాతో నూరు రోగాలు నయమవుతాయని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నొప్పికి రాసుకునే మందుల్లో కూడా పోటీ తక్కువేమీ కాదు. మరుసటి ఏడాది, 1894లో, అమెరికాలో మెంథోలేటం వచ్చింది. తర్వాత అక్కణ్ణించే విక్స్ వచ్చింది. బొంబాయిలోనే 1910లో ఝండూ కంపెనీ పుట్టింది. బర్మాలో తయారైన పులిబొమ్మ బామ్ కొన్నాళ్ళకు తూర్పు దేశాలన్నీ చుట్టేసింది. వీటన్నిటిలోనూ మెంథాల్, కర్పూరం లాంటి ఘాటైన సరుకులే మూలం. మెంథాల్ చర్మానికి తగిలితే నిజంగా చలవ చెయ్యకపోయినా, చల్లదనాన్ని పసిగట్టే నరాలను అది లేపుతుంది. అందుకే చల్లగా వున్నట్టు తోస్తుంది. ఈ సంగతి ఎవరి సీసాలో అయినా ఒక్కటే. అంటే సరుకులో పెద్ద తేడా లేని బజారు అది. నా కందిపొడి బజారు లాంటిదే.

అలాంటి చోట ఒక తెలుగువాడి సీసా ఎలా నిలబడింది?

మొదట పేరు చూడండి. అమృతం, అంజనం – ఈ రెండు మాటలూ బొంబాయిలో మరాఠీవాడికి తెలుసు, గుజరాతీవాడికి తెలుసు, మద్రాసులో అరవవాడికి తెలుసు, కలకత్తాలో బెంగాలీకి తెలుసు. ఆ పేరుకు అనువాదం అక్కర్లేదు. ఇంగ్లీషు చదువు చదివి, యూరోపియన్ కంపెనీలో పనిచేసిన మనిషి తన మందుకు దొర పేరు పెట్టుకోవడం ఆ రోజుల్లో సులువు, లాభం కూడా అనుకునేవారు. ఆయన అలా చెయ్యలేదు. స్వదేశీ ఉద్యమం 1905లో బెంగాల్ విభజనతో రాజుకుంది. దానికి పన్నెండేళ్ళ ముందే ఈ సీసా స్వదేశీ పేరు పెట్టుకుని కూర్చుంది.

తర్వాత రంగు. పసుప్పచ్చగా వుంటుంది. మన ఇళ్ళల్లో దెబ్బ తగిలితే మొదట చెయ్యి వెళ్ళేది పసుపు డబ్బా మీదికే గదా. ఆ రంగు చూస్తే మందు అన్న నమ్మకం అప్పటికే మనలో వుంది. ఆయన కావాలని అలా ఎంచారని చెప్పడం నా ఉద్దేశం కాదు, కొనేవాడి కంటికి అలా తగిలి వుంటుందని మాత్రం నా ఊహ. ఇక సీసా. చిన్న గాజు సీసా, వేలి కొసతో ముట్టుకునే మందు. కొద్దిగా వాడాలి, చాలాకాలం వస్తుంది, అంతకాలమూ అది ఇంట్లో గూట్లో పేరు చూపిస్తూ నిలబడుతుంది. అయిపోయాక కొట్టువాడి దగ్గరికి వెళ్ళినవాడు నొప్పి మందు ఇమ్మని అడగడు, పేరు పెట్టి అడుగుతాడు. చిన్న వ్యాపారికి ఇంతకంటే కావలసింది లేదు. కందిపొడి కావాలి అనేవాడు నా మనిషి కాదు, రేపు రెండు రూపాయలు తక్కువైతే పక్క కొట్టుకు పోతాడు. నా పేరు చెప్పి అడిగేవాడే నా మనిషి.

అయితే పేరూ రంగూ సీసా వున్నంత మాత్రాన మందు ఇంటింటికీ పోదు. ఒకసారి రాసుకుని చూడాలి. ఇక్కడే పంతులుగారి బుర్ర నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఆయన అమృతాంజనాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారు.

ఇది చాలాచోట్ల రాసిన సంగతే. కానీ ఎందుకు సభల్లో అని అడిగినవాళ్ళు తక్కువ. రైల్వేస్టేషన్ దగ్గర పంచవచ్చు, తిరునాళ్ళలో పంచవచ్చు, జనం అక్కడే ఎక్కువ. నాకు తోచింది చెబుతాను. కచేరీకి వచ్చినవాడు మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటాడు. గాలి ఆడదు, దీపాల వేడి, మెడ పట్టేస్తుంది, తల బరువెక్కుతుంది. అంటే మందుతో పని వున్న మనిషి, మందు వేసుకుని చూసేందుకు తీరిక వున్న మనిషి అతను. కణతలకు రాసుకున్న రెండు నిమిషాల్లో గుణం తెలుస్తుంది, ఆవర్తనం పూర్తయ్యేలోపే తీర్పు వచ్చేస్తుంది. ఇంకొకటి, ఆ వాసన ఒకడి దగ్గర ఆగదు. ముందు వరసలో ఒకాయన రాసుకుంటే వెనక నాలుగు వరసలవాళ్ళు ఏమిటదని తల తిప్పుతారు. పైగా సభకు వచ్చేవాళ్ళు ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు, ప్లీడర్లు, మేష్టర్లు, ఉద్యోగస్తులు. వాళ్ళు ఇంటికి వెళ్ళి భార్యతో చెబుతారు, ఆఫీసులో పక్కవాడితో చెబుతారు. ఉచితంగా ఇచ్చిన కాస్త మందుకు ఇంత పని చేయించుకోవడం మాటలు కాదు.

ఉచితంగా పంచడం ఇవాళ అందరూ చేస్తున్నదే. సరుకు తన గుణం చూపించగల చోట పంచడం వేరు. ఈ సంగతి నాకు పట్టుకున్నాక నేను పొట్లాలు కొరియరు సంచుల్లో వెయ్యడం తగ్గించాను. కందిపొడి గుణం తెలియాలంటే వేడన్నం కావాలి, నెయ్యి కావాలి. పొట్లం అందిన వేళకు ఆ ఇంట్లో అన్నం వుందో లేదో నాకేం తెలుసు? వేడన్నం ఎప్పుడూ వుండే చోటు ఆలోచిస్తే హాస్టల్ మెస్సు గుర్తొచ్చింది. మన కళాశాల హాస్టల్లో ఆదివారాలు మధ్యాహ్నం వడ్డన దగ్గర రెండు గిన్నెలు పెట్టే అనుమతి సంపాదించాను. పప్పు నీళ్ళగా వచ్చిన రోజున నా గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది. (మెస్సు కమిటీవారు క్షమించాలి.) సెలవులకు ఇళ్ళకు వెళ్ళిన పిల్లల తల్లులు ఫోను చేసి అడగడం మొదలైంది. వాళ్ళు ధర బేరమాడటం లేదు. పెద్ద అమ్మకాల సంస్థ వాళ్ళకు నేను ఇంతవరకు జవాబు రాయలేదు.

సరే, పంతులుగారి దగ్గరికి వద్దాం.

వ్యాపారం నిలదొక్కుకున్నాక ఆయన అక్కడే సుఖంగా వుండిపోవచ్చు. 1907లో సూరత్ కాంగ్రెసు జరిగింది. మితవాదులూ అతివాదులూ చీలిపోయిన సభ అది. దాన్ని చూసి వచ్చిన ఆయనకు, దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువాడికి తన భాషలో చెప్పే పత్రిక సరైనది లేదే అన్న చింత పట్టుకుంది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. బొంబాయిలో తెలుగు పత్రిక ఏమిటని నవ్వకండి. కామాఠీపురా అన్న పేటకు ఆ పేరు వచ్చిందే మన ప్రాంతాల నుంచి వలసపోయి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాఠీల వల్ల. 1914లో పత్రిక మద్రాసుకు తరలి, ఏప్రిల్ 1న దినపత్రిక అయింది. మరి నాలుగు నెలలకు యూరపులో యుద్ధం మొదలైంది. రోజూ వార్త తెలుసుకోవాలన్న ఆత్రం జనంలో పుట్టిన సమయానికి తెలుగులో రోజూ వచ్చే పత్రిక సిద్ధంగా వుంది.

పత్రిక పెట్టడం కూడా వ్యాపారపు ఎత్తే, తన మందు ప్రకటనలు తన పత్రికలో వేసుకోవచ్చు గదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ప్రకటనలు వేసుకున్న మాట నిజమే. అమృతాంజనం ప్రకటన చూడకుండా పాత భారతి సంచిక తిరగెయ్యడం కష్టం. కానీ ప్రకటన కోసమే అయితే ఇంకొకరి పత్రికలో జాగా కొనుక్కోవడం ఎంతో చవక. తెలుగు దినపత్రికను ఆ కాలంలో నడపడం అంటే కాగితం, అచ్చు, సిబ్బంది, పైన ప్రభుత్వం కన్ను – అన్నీ బరువులే. సీసా సంపాదించింది, పత్రిక ఖర్చుపెట్టింది. వ్యాపారం తెలిసినవాడు ఈ లెక్క చూసుకోకుండా వుండడు. చూసుకునే చేశారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఆ పత్రిక వల్ల ఆ సీసా మీద తెలుగువాడికి ఏర్పడ్డ అభిమానం ఏ ప్రకటనకూ దొరికేది కాదు. ఆ సీసా కొంటే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కొనేవాడికి తెలుసు. దీన్ని ఇవాళ్టి వ్యాపార పాఠాల్లో ఏదో పేరుతో చెబుతారు. పంతులుగారికి ఆ పేరు అక్కర్లేకపోయింది.

తర్వాతి పనులు మీరు ఎరిగినవే గనక వేగంగా చెబుతాను. 1924లో భారతి మాసపత్రిక. తెలుగు పరిశోధకులు, కవులు, కథకులు అందులో తమ రచన పడితే అదే పట్టాగా భావించేవారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణతో అందులోనే వెలువడింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో పోయాక ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. ఇలాంటి పుస్తకం లాభం తేదని అచ్చు వ్యాపారంలో వున్న ఎవరినడిగినా చెబుతారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, అరవై మూడేళ్ళ వయసులో జైలుకు వెళ్ళారు. జైలులో కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ప్రత్యేకాంధ్ర రాష్ట్రం విషయంలో ఒక అంగీకారానికి వచ్చారు. కూర్చున్నది మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో. అందుకే దానికి శ్రీబాగ్ ఒడంబడిక అన్న పేరు. రాజధాని, హైకోర్టు, నీళ్ళు, విశ్వవిద్యాలయం గురించి అప్పుడు ఒప్పుకున్నవి ఎంతవరకు జరిగాయి అన్నది మన రాజకీయశాస్త్ర మిత్రులు ఇప్పటికీ కాంటీనులో తెగ్గొట్టుకోలేని తగవు. నాకు కనిపించేది ఇంకొకటి. ఒకళ్ళ మాట ఒకళ్ళు నమ్మని రెండు ప్రాంతాలవాళ్ళు, ఎవరి ఇంట్లో కూర్చుందామంటే, ఈ ఇంటికి రావడానికి ఒప్పుకున్నారు.

వ్యాపారం సంగతి ఆయన చివరిదాకా వదలలేదని కూడా గమనించాలి. దానాలు చేసి చేసి కొట్టును గాలికి వదిలేసిన పెద్దమనుషులు మన చరిత్రలో చాలామంది వున్నారు. వాళ్ళను మనం గౌరవిస్తాం, వాళ్ళ గుమాస్తాల గతి ఏమయిందో అడగం. పంతులుగారు అలా చెయ్యలేదు. 1936లో అమృతాంజనాన్ని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మార్చారు. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. తాను లేకపోయినా నడిచే ఏర్పాటు చేశారన్నమాట. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. మరో ఇరవై రోజులుంటే డెబ్బయ్యొకటి నిండేవి.

ఆయన తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రిక బాధ్యత వహించి చాలాకాలం నడిపారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. మద్రాసు మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు మీద నాగేశ్వరరావు పార్కు వుంది. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవంవాళ్ళు, ఆ పేరు ఎవరిదని అడిగితే కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు. అమృతాంజనం ఏమిటని అడిగితే మాత్రం, జేబులో వున్నవాళ్ళు తీసి చూపిస్తారు.